‘బాయి మాట’ క్యాసెట్టు, నేను తీసేసిన పేరు

చంద్రపూర్‌లో సౌండ్ రికార్డిస్టుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. ఈ పనికి పెద్ద పేరేమీ రాదు. క్యాసెట్టు అట్ట మీద పాడినవాళ్ల ఫొటో ఉంటుంది, రాసినవాళ్ల పేరు ఉంటుంది. రికార్డు చేసినవాడి పేరు ఉంటే అన్నిటికన్నా కింద, ఇంకు చెదిరిపోయిన అక్షరాల్లో ఉంటుంది. దానికి నాకెప్పుడూ బాధ కలగలేదు.

ఇప్పుడు మా వీధిలోనే ముగ్గురు పిల్లలు ఒక గది గోడలకు స్పాంజి అంటించి, కంప్యూటర్ మీద ర్యాప్ పాటలు చేస్తున్నారు. అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, “కాకా, మీ టైంల ఇదంతా ఎట్ల చేసిండ్రు?” అని అడుగుతారు. పాత మెషిన్ల సంగతి చెబితే నోళ్లు తెరుచుకుని వింటారు. కానీ మెషిన్లు ఎలాగూ మారతాయి. నేను చేసిన పనుల్లో అన్నిటికన్నా మంచిదీ, అన్నిటికన్నా చెడ్డదీ ఒకే క్యాసెట్టులో ఉన్నాయి. దాని పేరు ‘బాయి మాట’. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు పనికొచ్చేది నా దగ్గర ఏమైనా ఉంటే అది ఆ క్యాసెట్టు కథలోనే ఉంది.

ముందుగా ఒక మాట. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి బొగ్గుగని పనికి ఇటు వచ్చాడు. మా తెలుగువాళ్లు గనిని ‘బాయి’ అంటారు. నేను మరాఠీ బడిలో చదివాను. రెండో షిఫ్టు లేని రోజుల్లో నాన్న స్లేటు మీద దిద్దించబట్టి తెలుగు రాయగలుగుతున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

వామన్‌రావు సార్

మా స్టూడియో యజమాని వామన్‌రావు సార్. ఒకప్పుడు హార్మోనియం మాస్టారు. పాత ఇంటి వెనక గదికి గోనె సంచులు, పరుపులు కొట్టి స్టూడియో చేశాడు. నేను రేడియో రిపేరు నేర్చుకుని, ఏ పనీ దొరక్క ఆయన దగ్గర చేరాను. అక్కడ మేం భజనలు రికార్డు చేసేవాళ్లం. చీరల దుకాణాల ప్రకటనలు, ఎలక్షన్లప్పుడు ఆటోల్లో తిరిగే ప్రచారాలు, గనుల వాళ్ల సేఫ్టీ వీక్ ప్రకటనలు కూడా చేసేవాళ్లం. “హెల్మెట్ లేకుండా బాయిలోకి దిగకండి” అని మూడు భాషల్లో చెప్పిన గొంతు నాదే.

మొదటి ఏడాదిలోనే ఒక ఘనకార్యం చేశాను. మా జిల్లాలోని భద్రావతి నుంచి ఒక ముసలి కీర్తనకారుడు వచ్చి ముప్పావుగంట కళ్లు మూసుకుని పాడాడు. అయిపోయాక చూస్తే నేను రికార్డు బటను నొక్కలేదు. మెషిను చెడిపోయిందని చెబుదామని సార్‌తో గుసగుసలాడాను. ఆయన నన్ను భుజం పట్టి గదిలోకి తోశాడు.

“జా. తూ హీ బోల్.”

వెళ్లి నేనే చెప్పాను. ఆ ముసలాయన నన్ను చూసి నవ్వాడు. “విఠోబా అయితే విన్నాడు. ఇప్పుడు నీ మెషినుకు వినిపిద్దాం” అని మరాఠీలో అని, మంచినీళ్లు తాగి మొదటి నుంచి పాడాడు. రెండోసారి ఇంకా బాగా పాడాడు.

అప్పుడు నేర్చుకున్నానని అనుకున్నాను. నేర్చుకోలేదని తర్వాత తెలిసింది.

ల్యాంప్ రూం నుంచి వచ్చిన గొంతు

బయటి సరుకులకూ చానళ్లకూ దేశంలో తలుపులన్నీ తెరుచుకుంటున్న కాలం అది. మా ఊళ్లో ఆ సంగతి ముందుగా కేబుల్ వైరు రూపంలో తెలిసింది. గని కాలనీల్లో క్వార్టరు నుంచి క్వార్టరుకు, చెట్టు మీదుగా, ట్యాంకు మీదుగా నల్లటి వైరు పాకింది. టీవీలో పగలంతా పాటలే. ఎక్కడివో కుర్రాళ్లు వదులు ప్యాంట్లు వేసుకుని, చేతులు ఊపుతూ, పాడకుండా గబగబా మాట్లాడుతుంటే జనం నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను.

ఓదెలు నవ్వలేదు. అతను ఒక బాయి ల్యాంప్ రూంలో గుమాస్తా. ఏ బాయి అన్నది రాయను. గనిలోకి దిగే ప్రతి మనిషీ ల్యాంప్ రూం కిటికీ దగ్గర ఆగి తన నంబరు చెప్పి, తలకు పెట్టుకునే దీపం, నడుముకు కట్టుకునే బ్యాటరీ, ఒక ఇత్తడి టోకెను తీసుకుంటాడు. పైకి వచ్చాక తిరిగి ఇస్తాడు. ఎవరి ల్యాంపు రాలేదో ఆ మనిషి ఇంకా కిందే ఉన్నట్టు లెక్క. తండ్రికి ఊపిరితిత్తులు పాడై పనికి పనికిరాడని రాస్తే, ఆయన బదులు ఓదెలుకు ఆ ఉద్యోగం వచ్చింది. అప్పటికి పాతికేళ్లు కూడా లేవు.

కాలనీ గణపతి మండలి ప్రకటన రికార్డు చేయించడానికి వచ్చాడు. మైకు టెస్టు కోసం ఏదో ఒకటి మాట్లాడమన్నాను.

“ఏం మాట్లాడాలె అన్నా?”

“రోజూ ఏం మాట్లాడుతవో గదే మాట్లాడు.”

అతను మొదలుపెట్టాడు. నంబర్లు, పేర్లు, మధ్యలో “జరుగు, జరుగు”, “ఆగే బఢో”, “తాతా, బ్యాటరీ సక్కగ కట్టుకో”, “లవకర్, లవకర్” అని మరాఠీలో తొందరపెట్టడం. మూడు భాషలూ ఒకే ఊపిరిలో, కింద బూటుతో నేల మీద తాళం. కిటికీ ముందు మూడు వందల మంది వరసగా నిలబడినట్టే వినిపించింది. పక్క గదిలో చాయ్ తాగుతున్న వామన్‌రావు సార్ కప్పు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఇది ఎవరు నేర్పారు?” అని హిందీలో అడిగాడు.

“ఎవలు నేర్పలే సార్. పని మీదనే వచ్చింది. టీవీల వాళ్లు చేస్తే ర్యాప్ అంటుండ్రు. నేను చేస్తే లొల్లి అంటుండ్రు.”

సార్ గట్టిగా నవ్వాడు. ఆదివారాలు స్టూడియో ఖాళీగా ఉంటుందనీ, వచ్చి చేసుకోమనీ చెప్పాడు. ఇది పాటే కాదని తర్వాత వారం వారం నాతో వాదించేవాడు కానీ, ఒక్క ఆదివారం కూడా తాళంచెవి ఇవ్వకుండా ఉండలేదు.

లూపు

ఈ కాలం పిల్లలు ఒక్క బటనుతో చేసే పనికి మేం నాలుగు ఆదివారాలు పోగొట్టుకున్నాం. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఓదెలు మాటకు కింద దరువు గడియారంలా కదలకుండా నడవాలి. విలాస్ అని పెళ్లి బ్యాండులో వాయించే మరాఠీ యువకుడు డప్పు తెచ్చాడు. మంచి చెయ్యి. కానీ పెళ్లి ఊరేగింపులో అలవాటు కదా, ఉత్సాహం వస్తే వేగం పెరిగేది. ఓదెలు మాట వెనకబడేది. ఇద్దరూ తిట్టుకునేవాళ్లు, ఒకరిది మరాఠీ, ఒకరిది తెలుగు. ఎవరి తిట్టు ఎవరికీ పూర్తిగా అర్థం కాకపోవడం వల్ల స్నేహం చెడలేదు.

చివరికి విలాస్ బాగా వాయించిన ఒక్క ఆవర్తనం ఎంచుకున్నాను. ఆ టేపు ముక్కను బ్లేడుతో కోసి, రెండు కొసలూ కలిపి అతికించాను. అది చేతిగాజులా గుండ్రంగా అయింది. ఒక వైపు మెషిను, ఇంకో వైపు మైకు స్టాండు, వాటి చుట్టూ ఆ టేపు తిరుగుతూ ఉంటే అదే దరువు మళ్లీ మళ్లీ వస్తుంది. విలాస్ కుర్చీలో కూర్చుని తన చేతుల వైపు చూసుకున్నాడు. “మీ వాజవత్ నాహీ, తరీ వాజతంయ్” అన్నాడు. నేను వాయించడం లేదు, అయినా మోగుతోంది అని. ఆ ముఖం ఇప్పటికీ గుర్తుంది.

ఇంకో తిప్పలు కరెంటుతో. చుట్టుపక్కలంతా కరెంటు పంపే ఊరు మాది, మా స్టూడియోలో మాత్రం సాయంత్రమైతే వోల్టేజి పడిపోయేది. మోటారు మందగించి డప్పు నిద్రమత్తులో మోగినట్టుండేది. అందుకని పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నానికి ఆపేసేవాళ్లం. మా మెషినులో నాలుగు ట్రాకులు. ఒకదాని మీద డప్పు, ఒకదాని మీద చిన్న కీబోర్డు, ఒకదాని మీద గని సైరను, మిగిలినదాని మీద ఓదెలు గొంతు. ఆ సైరను కోసం నేను బాయి గేటు బయట సైకిలు స్టాండులో మైకు పట్టుకుని నిలబడ్డాను. కాపలావాడు నన్ను చూసి పిచ్చివాడనుకున్నాడు.

మొత్తం ఆరు పాటలు. క్యాంటీన్ చాయ్ మీద ఒకటి. కేబుల్ టీవీ కోసం ఇంట్లో జరిగే కొట్లాట మీద ఒకటి. ఇంకోటి ‘రా’ అన్న ఒక్క మాటనే ఇంట్లో తెలుగులో, బడిలో మరాఠీలో, గని మేస్త్రీ నోట హిందీలో వినే మా అందరి బతుకు మీద:

“ఇంట్ల అమ్మ రా అంటది, బడిల సారు యే అంటడు,
బాయిల సర్దారు ఆవ్ అంటడు, ఎటు పోవాల్నో చెప్పు!”

ఆ ఆదివారాలంత సంతోషంగా నా ఉద్యోగంలో ఇంకెప్పుడూ లేను. ఎవరూ మమ్మల్ని ఇది చేయమని అడగలేదు. ఎలా ఉండాలో చెప్పేవాడు లేడు. విలాస్ వాళ్లమ్మ జొన్నరొట్టెలు పంపేది, ఓదెలు వాళ్లింటి నుంచి మామిడికాయ తొక్కు వచ్చేది. తిని, చేతులు కడుక్కుని, మళ్లీ లూపు తిప్పేవాళ్లం.

పోచం పాట

ఐదో పాట రికార్డింగుకు ఓదెలు కాగితం తేలేదు. మైకు ముందు నిలబడ్డాడు కానీ లూపు తిప్పమనలేదు. ఏమైందని అడిగాను.

పోచం అతనికి పక్క క్వార్టరు మనిషి, అన్నలాంటివాడు. కిందటేడు మొదటి షిఫ్టులో గని కప్పు కూలి చనిపోయాడు. కప్పుకు ఆనించే దుంగలు సరిపడా లేవని తోటివాళ్లు చెప్పారు. దుంగలు పెట్టకముందే తనంతట తానే లోపలికి వెళ్లాడని, తప్పు అతనిదేనని గని ఆఫీసువాళ్లు కాగితం మీద రాశారు. భార్య లచ్చక్కకు అప్పుడు ఆరో నెల.

“ఆ పొద్దు ల్యాంపు నేనే ఇచ్చిన అన్నా” అన్నాడు ఓదెలు. “షిఫ్టు దిగినంక అన్ని ల్యాంపులు వచ్చినయ్, గదొక్కటి రాలే. కొక్కెం ఖాళీగ ఉన్నది. తెల్లారి ఎవలో తెచ్చిచ్చిండ్రు, అద్దం పల్గింది. రిజిస్టర్ల ‘వాపస్’ అని రాసిన. ల్యాంపు వాపసైందని రాయనీకి జాగ ఉన్నది గని, మనిషి సంగతి రాయనీకి ఆ రిజిస్టర్ల జాగే లేదు.”

తర్వాత లూపు తిప్పమన్నాడు. ఒక్క టేకులో అయిపోయింది.

“ఒకటి తీస్కపాయె, రెండు తీస్కపాయె,
నూటొక్కటో ల్యాంపు నడుముకు కట్కపాయె.
వంద ల్యాంపులు పైకొచ్చె, వంద మొకాలు పైకొచ్చె,
నూటొక్కటేడున్నదని కిటికి అడుగవట్టె.
ల్యాంపు రాలే, పోచం!
టోకెన్ రాలే, పోచం!”

ఆ చివరి రెండు లైన్లు పాటలో మూడుసార్లు వస్తాయి. అంటే ఆరుసార్లు ఆ పేరు. ప్రతిసారీ ఓదెలు ఆ పేరును కిటికీలోంచి పిలిచినట్టే పిలిచాడు. టేపు ఆపాక విలాస్ బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. వామన్‌రావు సార్ ఇది పాటా కాదా అని ఆ రోజు తర్వాత వాదించలేదు.

నేను చేసిన పని

క్యాసెట్లు నాగపూర్‌లో కాపీ చేయించాలని నిర్ణయించాం. అంతకుముందు నాలుగు ట్రాకులనూ కలిపి ఒక్కటి చేయాలి. ఆ పని నేనొక్కణ్ణే చేస్తాను, సార్ నాకు వదిలేసేవాడు. ఓదెలు కూడా అంతే. “నువ్వు చేస్తె మంచిగనే ఉంటది అన్నా” అని డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే గని ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. మా సేఫ్టీ వీక్ పనులు ఇచ్చేది ఆయనే. ఎప్పుడూ మర్యాదగా మాట్లాడతాడు, ఆ రోజూ అంతే. చాయ్ తాగాడు, పిల్లల చదువులు అడిగాడు. లేచేటప్పుడు, “మా ల్యాంప్ రూం అబ్బాయి ఏదో పాటలు చేస్తున్నాడట కదా. మంచిదే. పేర్లూ అవీ ఉండవు కదా? ఉద్యోగం చేసుకునేవాడు, లేనిపోని ఇబ్బంది” అన్నాడు. నేను ఉండవన్నట్టు తల ఊపాను.

ఆయన వెళ్లాక రెండు ప్రశ్నలు మిగిలాయి. ఓదెలు ఉద్యోగం పోతే ఆ ఇల్లు ఏమవుతుంది? మా స్టూడియోకు ఆ పని రాకపోతే సార్ ఏమంటాడు? ఈ రెండు ప్రశ్నల్లో మొదటిదాన్నే నాకు నేను గట్టిగా చెప్పుకున్నాను. నిజానికి రెండోదే ఎక్కువ భయపెట్టింది. ఇన్నేళ్ల తర్వాత అది ఒప్పుకోవడానికి సిగ్గు లేదు.

మిక్సింగులో ఆ పేరు వచ్చిన ఆరు చోట్లా ఓదెలు గొంతు మీట కిందికి లాగేశాను. డప్పు నడుస్తుంది, గొంతు ఉండదు, మళ్లీ వస్తుంది. చాలా శుభ్రంగా చేశాను. పనితనం చూస్తే ఎక్కడా వంక లేదు. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. టేపులు ఖరీదైనవి కాబట్టి పని అయిపోయాక వాటిమీదే ఇంకో పని రికార్డు చేయడం మా అలవాటు. ఆ అలవాటు చాటున, మూడు రోజుల్లోనే ఆ నాలుగు ట్రాకుల టేపు మీద ఒక చీరల దుకాణం ప్రకటన ఎక్కించేశాను.

మండపం దగ్గర

క్యాసెట్టు వచ్చింది. పేరు దగ్గర ఒక తమాషా జరిగింది. కాలనీ పిల్లలకు తెలుగు చదవడం రాదని అట్ట మీద నాగరి లిపిలో వేయించాం. మరాఠీలో బాయి అంటే ఆడమనిషి, మాఠ్ అంటే తోటకూర. చంద్రపూర్ బజారులో ఒక దుకాణంవాడు దాన్ని తీసుకెళ్లి ఆడవాళ్ల పాటల వరసలో పెట్టాడు. వ్రతాల పాటలనుకుని కొన్న ఒకావిడ మర్నాడు తిరిగి తెచ్చిందట. విసాపూర్ నుంచి వచ్చిన ఒక నడివయసు ఆవిడ మాత్రం, చాయ్ పాట విని నవ్వుకుని, ఇంకో కాపీ అడిగిందట. విలాస్ ఈ సంగతులన్నీ మోసుకొచ్చి చెప్పేవాడు, మేం పడీపడీ నవ్వేవాళ్లం. నవ్వుతూనే నేను ఐదో పాట మాట రాకుండా చూసుకునేవాణ్ణి.

గణపతి నవరాత్రుల్లో ఒక సాయంత్రం, దీపాలు పెట్టకముందే, కాలనీ మైదానంలో క్యాసెట్టు మొత్తం వినిపిస్తామన్నారు. అందరితో కలిసే మొదటిసారి వింటానని ఓదెలు అప్పటిదాకా క్యాసెట్టు పెట్టుకోలేదు. నన్ను పిలిచి ముందు వరసలో కుర్చీ వేశారు. ఓదెలు నా పక్కనే కూర్చున్నాడు. కొంచెం అవతల ఆడవాళ్ల మధ్య ఏడాది నిండని పాపను ఒళ్లో పెట్టుకుని ఒకామె కూర్చుంది.

“లచ్చక్క. పోచమన్న భార్య” అన్నాడు ఓదెలు. “పాట సంగతి చెప్పిన. పేరు వస్తదని చెప్పిన. గందుకే వచ్చింది.”

నాకు లేచి వెళ్లిపోవాలనిపించింది.

చాయ్ పాటకు జనం ఈలలు వేశారు. ‘రా, యే, ఆవ్’ పాటకు మరాఠీ ఇళ్లవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. ఐదో పాట మొదలైంది. సైరను వినగానే మైదానం సద్దుమణిగింది. “ల్యాంపు రాలే” అంది ఓదెలు గొంతు. ఆ తర్వాత ఉత్త డప్పు. “టోకెన్ రాలే.” మళ్లీ ఉత్త డప్పు. ఓదెలు నా వైపు తిరిగాడు. నేను స్పీకరు వైపే చూస్తూ కూర్చున్నాను.

రెండోసారి “ల్యాంపు రాలే” అని వచ్చినప్పుడు, వెనక ఎక్కడి నుంచో ఒక ముసలి గొంతు ఆ ఖాళీలోకి “పోచం!” అని అరిచింది. “టోకెన్ రాలే” అన్నప్పుడు పది గొంతులు. మూడోసారి మైదానమంతా. తెలుగువాళ్లు, మరాఠీవాళ్లు, బీహారు నుంచి వచ్చినవాళ్లు, చిన్న పిల్లలు, అందరూ. స్పీకర్ల మోత వినపడలేదు. నా జీవితంలో అంత గట్టి శబ్దం ఇంకెప్పుడూ వినలేదు. నేను ఖాళీ చేసిన చోటును వాళ్లు నింపేశారు.

పాట అయిపోయాక ఓదెలు నెమ్మదిగా అడిగాడు.

“టేపు ఖరాబైందా అన్నా?”

ఇప్పుడు తలచుకుంటే అతను నాకు దారి ఇచ్చాడనిపిస్తుంది. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. నేను, “అవ్ తమ్మీ. నాగపూర్ల కాపీ చేసేటప్పుడు పోయినట్టున్నది” అన్నాను.

పాత తప్పు మీద ఇంకో తప్పు. అదీ ఎవరో దూరాన ఉన్నవాళ్ల మీదికి నెట్టేస్తూ.

లచ్చక్క వచ్చిన రోజు

వారం తర్వాత, సోమవారం పదకొండు గంటలకు, ఓదెలూ లచ్చక్కా స్టూడియోకు వచ్చారు. బస్సులో వచ్చారు, పాప నిద్రపోతోంది. లచ్చక్క పరుపులు కొట్టిన గోడల వైపు చూసి, కుర్చీ అంచున కూర్చుంది.

“అన్నా, నాగపూర్ల టేపు కరాబైందట గద” అంది. “మల్ల సక్కగ చేస్తరా అని అడుగుదామని వచ్చిన.”

“అందరూ పేరు పిలిచిండ్రు గద వదినె” అన్నాడు ఓదెలు. “గట్లనే మంచిగున్నదని కాలనీల అంటుండ్రు.”

“పిలిచిండ్రు. వాళ్లకు ఎరుక గనుక పిలిచిండ్రు.” ఆమె పాపను ఒళ్లో సర్దుకుంది. “రేపు వాళ్లంత రిటైరై ఎవల ఊళ్లకు వాళ్లు పోతరు. ఇది పెద్దగయ్యి క్యాసెట్టు పెట్టుకుంటె దీనికేం ఇనబడ్తది? ఉత్త డప్పు ఇనబడ్తది. దీని నాయిన పేరు దీనికెవలు పిలుస్తరు?”

వామన్‌రావు సార్ తన బల్ల దగ్గర కూర్చుని, తెలుగు పూర్తిగా రాకపోయినా, నా ముఖమే చూస్తున్నాడు.

“టేపు కరాబు కాలే చెల్లె” అన్నాను. “నేనే తీసిన. ఆఫీసాయన వచ్చి అడిగిండు. భయపడి తీసిన. ఓదెలుకు అబద్ధం చెప్పిన. అసలు టేపు కూడ లేదు, తుడిచేసిన.”

ఓదెలు అరిస్తే బాగుండేది. అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

“నా నౌకరి పోతదని తీసినవా?”

“నీ నౌకరి అని చెప్పుకున్న. నా పని పోతదనే ఎక్కువ భయం.”

“అడిగితె నేనే చెప్తుంటి గద అన్నా, తియ్యాల్నో వద్దో.”

ఏం జరిగిందో సార్‌కు నేనే హిందీలో చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “పూఛ్ కే కాటా తో ఎడిటింగ్. బినా పూఛే కాటా తో చోరీ” అన్నాడు. అడిగి కోస్తే అది ఎడిటింగు, అడక్కుండా కోస్తే దొంగతనం అని. వాళ్లిద్దరి ముందు అన్నందుకు ఆ క్షణంలో కోపం వచ్చింది. ఈ వృత్తిలో నేను విన్న మాటల్లో అంతకన్నా ఖచ్చితమైనది లేదు.

తర్వాత ఆయనే లేచి, “ఇప్పుడు రికార్డు చెయ్యి. గది ఖాళీగానే ఉంది” అన్నాడు.

లూపు ముక్క ఎక్కడో పోయింది. విలాస్‌కు కబురు పెడితే బ్యాండు యూనిఫారంలోనే పరుగెత్తుకొచ్చి డప్పు వాయించాడు. ఈసారి టేపు కోయలేదు, అతనే మొదటి నుంచి చివరి దాకా వాయించాడు, వేగం పెరిగినచోట పెరిగింది. ఓదెలు మళ్లీ చెప్పాడు. మొదటి టేకులో ఉన్న మెరుపు ఇందులో లేదు. అది పోయింది, దాన్ని పోగొట్టింది నేను. “ల్యాంపు రాలే” దాకా వచ్చి అతను ఆగాడు.

“వదినె, నువ్వు చెప్పు” అన్నాడు.

ఆమె మైకు ముందుకు రావడానికి ఒప్పుకోలేదు. మొగుడి పేరు నోటితో పలకడం వాళ్లింట్లో లేదు. పెళ్లయిన నాటి నుంచి ఒక్కసారీ పలకలేదట. ఆమెను బలవంతపెట్టొద్దని సార్ నాతో అన్నాడు. పాప లేచి ఏడిస్తే పాలు పట్టింది, భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ నడిచింది. చాలాసేపటికి తనంతట తానే మైకు దగ్గరికి వచ్చింది.

“ఎంత దూరం నిలబడాలె?”

“జానెడు దూరం చాలమ్మా.”

డప్పు మొదలైంది. “ల్యాంపు రాలే” అన్నాడు ఓదెలు. ఆమె, పాటలాగా కాదు, పక్క గదిలో ఉన్న మనిషిని అన్నానికి పిలిచినంత మామూలుగా, “పోచం” అంది.

నా చెయ్యి మీట మీద ఉంది. దాన్ని అక్కణ్ణుంచి తీసేసి ఒళ్లో పెట్టుకున్నాను.

ఆ తర్వాత

ఆ రెండో క్యాసెట్టును నాగపూర్ పంపలేదు. స్టూడియోలోనే రెండు మెషిన్లు కలిపి, ఎవరు ఖాళీ క్యాసెట్టు తెస్తే వాళ్లకు కాపీ చేసి ఇచ్చాం. నేను ఉన్నదున్నట్టు చెప్పాక ఓదెలు రెండు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు తొక్కు డబ్బాతో వచ్చి, ఏమీ జరగనట్టు కూర్చున్నాడు. ఆ ఏడు సేఫ్టీ వీక్ పని మాకు రాలేదు. మరుసటేడు వచ్చింది. నేను అంత భయపడింది ఇంతమాత్రం దానికి. ఓదెలును ఇంకో బాయికి మార్చారు. పాట వల్లనా, మామూలు బదిలీనా అన్నది ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. ఇంకో క్యాసెట్టు చేద్దామని నేనే చాలాసార్లు అన్నాను. “చెప్పాల్సినప్పుడు చెప్త అన్నా” అనేవాడు. చెయ్యలేదు. పోచం గురించి రాసిన కాగితం మీది మాట మారలేదు. పాటలు కాగితాలను మారుస్తాయని నేను మీకు చెప్పను.

అప్పుడు తీసెయ్యడం వల్లే కదా మైదానమంతా పేరు పిలిచింది, నీ తప్పే మేలు చేసింది అని నాతో కొందరు అన్నారు. విలాస్ ఇప్పటికీ అంటాడు. నేను ఒప్పుకోను. మేలు చేసింది ఆ అరిచిన ముసలాయన. ఆయనెవరో నాకు ఈ రోజుకీ తెలియదు.

గది గోడలకు స్పాంజి అంటించుకున్న మా వీధి పిల్లలకు నేను చెప్పేది తక్కువే. మీ మెషినులో ఎన్ని ట్రాకులైనా ఉండనీ, ఏదీ తుడవకండి. ఒక మనిషి మాటను తగ్గించాలనిపిస్తే ముందు ఆ మనిషిని పిలిచి వినిపించండి. భయమేస్తే భయమేసిందని చెప్పండి, ఫలానా ఊళ్లో టేపు పాడైందని చెప్పకండి.

ఆ సోమవారం పని అయ్యేసరికి మూడు దాటింది. లచ్చక్క వినిపించమంది. పాట మొత్తం వినిపించాను. పేరు వచ్చిన చోటు మట్టుకు మళ్లీ పెట్టమంది. పెట్టాను. ఇంకోసారి అంది. మూడోసారి విన్నాక, ఇన్నేళ్లలో మొదటిసారి పలికిన ఆ పేరును తన గొంతులోనే వింటూ, ఆమె తల పక్కకు తిప్పుకుని సిగ్గుపడింది. కొత్త పెళ్లికూతురు సిగ్గుపడినట్టు. తర్వాత కొంగు సర్దుకుని, పాపను చంకనెత్తుకుని, కాలనీకి వెళ్లే కోఠారి బస్సు ఎన్నింటికని ఓదెలును అడిగింది.